మా మేడమ్ చలికాలపు కణాలు

మేడమ్‌కు ప్రొఫెసర్ పదవి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ ఆ ఏడాది కొత్తగా ఒక కోరిక కోరింది. రాసిన పేపర్ల జాబితా ఒక్కటే చాలదట. ఒక్కో పేపరును ప్రపంచంలో ఎవరెవరు, ఎన్నిసార్లు తమ పేపర్లలో పేర్కొన్నారో ఆ లెక్క కూడా జతచేయాలట. దాన్నే సైటేషన్ అంటారు. అంతవరకు మా సంస్థలో మనిషి విలువను కాగితాలు తూచి కట్టేవారు. ఇకమీదట ఊళ్ళోవాళ్ళు ఆ మనిషి గురించి ఎంతగా మాట్లాడుకుంటున్నారో విని కడతారన్నమాట. బెంగళూరులో మా నగర్తపేటలో పెళ్ళి సంబంధాలు చూసే పద్ధతి కూడా ఇదే కాబట్టి నాకు పెద్ద వింతగా తోచలేదు.

తొంభైల చివరి మాట ఇది. నేను మేడమ్ దగ్గర పరిశోధన విద్యార్థిగా చేరి ఏడాది దాటింది. మాది రోగనిరోధక శక్తి మీద పనిచేసే ల్యాబ్. ఎవరైనా అడిగితే, ఎలుకలకు జబ్బు చేస్తే వాటి ఒంట్లో ఎవరు కాపలా కాస్తారో చూస్తాం అని చెప్పేదాన్ని. మా నాన్న నగర్తపేటలో ఇత్తడి సామానుకు మెరుగుపెట్టే చిన్న వర్క్‌షాప్ నడిపేవాడు. ఆయన ఇరుగుపొరుగుకు ఇంకా కుదించి చెప్పేవాడు: "మా పాప ఎలుకల డాక్టరు అవుతా ఉండాది."

మేడమ్‌ది గుంటూరు వైపు. తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు, తండ్రి బడిపంతులు. ఆదివారం చర్చిలో పాటలు పాడేది. ఎలుకలతో చాలా మృదువుగా మాట్లాడేది. ఆ మృదుత్వం అక్కడే అయిపోయేదేమో, మా దాకా వచ్చేది కాదు. ప్రొఫెసర్ పదవికి ఆమె ఇంటర్వ్యూకు వెళ్ళడం అది రెండోసారి. మొదటిసారి 'ఇంకా సమయం ఉంది' అని పంపేశారు. ఈసారి కూడా అదే మాట అంటే, తనకంటే తర్వాత చేరినవాళ్ళు తన సెలవు చీటీ మీద సంతకం పెడతారు. ఈ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఇంటర్వ్యూ తేదీ వచ్చిన రోజు మాత్రం మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

లెక్కపెట్టే పని నాకు పడింది, కళ్ళు బాగున్నాయని. కంప్యూటర్‌లో పేరు కొడితే లెక్క వచ్చే రోజులు ఇంకా మా లైబ్రరీకి రాలేదు. ఇటుకల్లాంటి సంపుటాలు వరసగా ఉండేవి. వాటిలో అక్షరాలు చీమలు చదువుకోవడానికి అచ్చువేసినట్టు ఉండేవి. ఎవరూ ఎత్తుకుపోకుండా భూతద్దాన్ని గొలుసుతో బల్లకు కట్టేశారు. దాని మీద వంగి వారం రోజులు కూర్చునేసరికి నా మెడ కూడా ఆ గొలుసులో భాగమైపోయింది.

తేలిందేమిటంటే, మేడమ్ పేపర్లలో చాలావాటిని తలుచుకున్నవాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువసార్లు తలుచుకున్నది మేడమే. ఒక్క పేపరుకు మాత్రం మిగతావాటన్నిటినీ మింగేసేంత లెక్క ఉంది. ఆమె ఈ సంస్థలో చేరిన కొత్తలో రాసినది. ఎలుక ప్లీహంలోంచి కణాలు తీసి, ఆకుపచ్చగా వెలిగే రంగు కట్టిన యాంటీబాడీని, అంటే తనకు సరిపడే కణాన్నే వెతికి అంటుకునే ప్రోటీన్‌ను, వాటికి పట్టించి, చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూస్తే, కొన్ని కణాలు మిగతావాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వెలిగాయి. అలాంటి కణాలను అంతకుముందు ఎవరూ చూడలేదు. మేడమ్‌కు లోకంలో పేరు తెచ్చింది ఆ పేపరే.

లెక్క చూసి మా సీనియర్ క్యాంటీన్‌కు పరిగెత్తి వడలు తెచ్చాడు. ల్యాబ్‌లో మేడమ్ తర్వాత ఆయనే. అనంతపురం వైపు మనిషి. పీహెచ్‌డీలో ఇది ఎన్నో ఏడు అని అడిగితే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

నన్ను లెక్కపెట్టమన్నారు గానీ చదవమని ఎవరూ అనలేదు. చదవడం నా సొంత తెలివి. మేడమ్‌ను పేర్కొన్న పేపర్లు కొన్ని తీసి ఆ వాక్యం వెతికాను. 'ఫలానా వారు ఇటువంటి కణాలు ఉన్నాయన్నారు, మాకు కనబడలేదు.' ఇంకొకటి తీశాను. 'మేమూ వెతికాము, లేవు.' జపాన్ వాళ్ళు ఎంతో మర్యాదగా, వారి ఎలుకలు ప్రత్యేకమైనవి కావచ్చునన్నారు. జర్మనీలో ఒక పెద్దాయన మాత్రం ఏకంగా ఒక పేరా కేటాయించి మా మేడమ్‌ను ఉతికి ఆరేశాడు. కమిటీ లెక్కలో ఇవన్నీ సైటేషన్లే. తిడితే తిట్టాడు, పేరు పెట్టి తిట్టాడా లేదా అన్నదే ముఖ్యం.

"అన్నా, మన పేపర్‌ను ఇంతమంది ఎందుకు తలుచుకుంటాండారో తెలిసింది" అన్నాను సీనియర్‌తో.

"ఎందుకు పాపా?"

"మనం ఉండాయన్నవి లేవని చెప్పడానికి."

ఆయన చేతిలో వడ ప్లేటులోకి దిగిపోయింది. కాగితాలు లాక్కుని చదివాడు. "గట్టిగా అనొద్దు. మేడమ్‌కు తెలిస్తే గుండె ఆగిపోతాది."

మేడమ్ ఆయన వెనకే నిలబడి ఉంది. గుండె బాగానే కొట్టుకుంటోంది.

"తెలుసయ్యా. వాళ్ళు రాసిన ప్రతి ముక్కా నా ఫైల్లో ఉంది" అంది. "లేవని కాదు. వాళ్ళకు కనబడవు. ఎందుకంటే అవి చలికాలపు కణాలు."

అప్పుడు బయటపడింది, మేడమ్ ఎన్నేళ్ళుగానో మోస్తున్న సిద్ధాంతం. ఏటా దసరా వెళ్ళగానే ఆ కణాలు కనబడతాయి. క్రిస్మస్‌కు కొంచెం తగ్గుతాయి, శివరాత్రికి ఇంకా తగ్గుతాయి, ఉగాదికి ఒక్కటీ ఉండదు. వానాకాలమంతా ఎంత వెతికినా లేవు. మళ్ళీ దసరాకు ప్రత్యక్షం. సీనియర్ థీసిస్‌లో రెండు అధ్యాయాలు ఈ రాకపోకల మీదే.

"ఎలుకలకు కాలం తెలుస్తుందమ్మాయ్. చలి, తేమ, పగటి పొడుగు. అక్కడ హీటర్లు పెట్టి పెంచుతారు, వాటికి ఏ కాలమైనా ఒకటే. ఇక్కడ అలా కాదు కదా."

"బెంగళూరు చలి మనకే సరిగ్గా తెలియదు కదా మేడమ్" అన్నాను.

ఆమె నా మాట విననట్టు నటించింది. ఇంటర్వ్యూలో ఎవరైనా 'మీ కణాలు ఇంకెవరికీ కనబడలేదటగా' అని అడిగితే చూపించడానికి ఒక తాజా ప్రయోగం కావాలి. దసరా వారంలో చేద్దామంది.

బెంగళూరులో ఆయుధపూజ చేయని చోటు లేదు. బస్సుకు చేస్తారు, ఫోటోస్టాట్ మెషీన్‌కు చేస్తారు, మా నాన్న మెరుగుచక్రానికి నాకంటే పెద్ద దండ పడేది. మా ల్యాబ్‌లో పూజారి సీనియర్. సెంట్రిఫ్యూజ్‌కు విభూతి, ఫ్రీజర్‌కు చేమంతి దండ, తలుపుకు అరటి పిలక. గ్యాస్ సిలిండర్ల కింద నాలుగు నిమ్మకాయలు. అవి ఎక్కడికి బయలుదేరుతున్నాయని ఎవరూ అడగలేదు. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగిలాక మేడమ్ లోపలికి వచ్చేది. పూజ దగ్గర నిలబడదు, వద్దనదు. "దేవుడి సంగతి మీరు చూసుకోండి, ఫలహారం నేను చూసుకుంటా" అని బొరుగులు, మైసూర్‌పాక్ తనే పంచేది.

అన్నిటికంటే ఎక్కువ మర్యాద మా కొత్త పిపెట్‌కు దక్కేది. పిపెట్ అంటే చుక్కలో ఎన్నో వంతు కూడా కొలిచి పోసే సాధనం, పెన్ను కంటే కాస్త లావు. విదేశం నుంచి వచ్చింది. కొత్తది అని పేరే గానీ మేడమ్ చేరిన ఏడు కొన్నది. యాంటీబాడీ బంగారం లాంటిది కాబట్టి దాన్ని పోయడానికి మాత్రమే ఈ పిపెట్ వాడాలని మా ల్యాబ్ కట్టుబాటు. మిగతా చాకిరీకంతా ఇంకో ముసలి పిపెట్ ఉండేది, నడుముకు ప్లాస్టర్ చుట్టుకుని. సీనియర్ కొత్తదానికి తడి పసుపు పూసి, పైన కుంకుమ దిద్దాడు. పట్టుకునేచోట పూస్తే చేతికి అంటుతుందని బాగా కింద, మొన తొడిగేచోటికి కాస్త పైన పూశాడు. ముసలిదాన్ని సొరుగులోంచి తియ్యను కూడా తియ్యలేదు.

"తుడవొద్దు పాపా" అన్నాడు నేను గుడ్డ తియ్యగానే. "పూజ బొట్టు దానంతట అది రాలిపోవాల."

పండుగ వెళ్ళిన రెండో రోజు ప్రయోగం. రెండు ట్యూబుల్లో కణాలు సిద్ధం చేశాం. ఒకదాంట్లో యాంటీబాడీ, రెండోదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు. ఈ రెండోదాన్ని కంట్రోల్ అంటారు. అందులో ఏదీ వెలగకూడదు. అది చీకటిగా ఉంటేనే పక్క ట్యూబులోని వెలుగును జనం నమ్ముతారు. సీనియర్ యాంటీబాడీ పోసి ఫోన్ వచ్చిందని వెళ్ళాడు. ఉప్పునీళ్ళు పొయ్యబోతే ముసలి పిపెట్ బటన్ కిందికి పోయింది గానీ పైకి రాలేదు. ఊదాను, తట్టాను, బతిమాలాను. ఇక లాభం లేదని కొత్తదాన్నే తీసుకున్నాను. మొన ప్రతిసారీ కొత్తది తొడుగుతాం కాబట్టి ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కలిసే భయం లేదు. రాజుగారి గుర్రం చేత నీళ్ళ బిందెలు మోయించినట్టు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

చీకటి గదిలో మేడమ్ మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. మేమిద్దరం వెనక నిలబడ్డాం.

"ఉన్నాయి" అంది.

"ఉండాయా మేడమ్!" సీనియర్ గొంతు పెళ్ళి కుదిరిన వాడి గొంతులా ఉంది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి. కంట్రోల్ ఇవ్వు." స్లైడు మార్చింది. ఫోకస్ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పింది. "అమ్మాయ్, ఇది కంట్రోలే కదా?"

"కంట్రోలే మేడమ్."

"ఇందులోనూ ఉన్నాయి."

సీనియర్ నా వైపు తిరిగాడు. చీకట్లో కూడా ఆ చూపు తగిలింది. "ట్యూబులు మార్చినావు పాపా."

"మార్చలేదన్నా. ముసలిది పనిచెయ్యలేదు. కొత్త పిపెట్‌తో పోసినానంతే."

"కొత్తదాంతోనా! ఉప్పునీళ్ళా!" సైన్సు కూలిపోతున్నందుకు కాదు, ఆ అవమానానికే ఆయన ఎక్కువ బాధపడ్డాడు.

మేడమ్ జరిగి నన్ను చూడమంది. చూశాను. పేపర్‌లో ఫొటో నలుపు తెలుపులో తెల్లటి చుక్కలాగా ఉండేది కాబట్టి తెలియలేదు గానీ, నేరుగా చూస్తే ఆ కణం ఒళ్ళంతా వెలగడం లేదు. లోపల ఏదో పలుకు ఉంది, అది వెలుగుతోంది.

"మేడమ్, ఇది ఏదో మింగినట్టుంది" అన్నాను. చీకటి గదిలో అంత గాంభీర్యం నాకు పడదు. అందుకని ఇంకో మాట కూడా అన్నాను. "ఆయుధపూజ ప్రసాదం అయ్యుంటుంది. బొరుగులు దీని దాకా రాలేదు కదా, పసుపుతో సరిపెట్టుకుంది."

"ప్రతిదానికీ ఎగతాళేనా నీకు?" అన్నాడు సీనియర్.

మేడమ్ కూడా తిడుతుందనుకున్నాను. ఆమె లేచి లైటు వేసింది. కొత్త పిపెట్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మొన వైపు అటూ ఇటూ తిప్పి చూసింది. పసుపు ఎండి పెచ్చులు లేస్తోంది. వేలితో తాకితే పొడి రాలింది.

"పసుపు ఇంకా ఉందా?" అంది.

పూజ పళ్ళెంలో పొట్లం ఉంది. చిటికెడు ఉప్పునీళ్ళలో కలిపి, ఏ యాంటీబాడీ తగలని కణాల్లో ఒక చుక్క వేసింది. కాసేపు ఆగి చూశాం. దీపావళి అప్పుడే వచ్చేసింది. ఎటు చూసినా చలికాలపు కణాలే.

జరిగింది ఇంతే. ఆ మైక్రోస్కోప్ నీలి కాంతి కింద పసుపు తనంతట తానే ఆకుపచ్చగా వెలుగుతుంది. ప్లీహంలో కొన్ని కణాల ఉద్యోగమే బయటి నుంచి వచ్చిన ప్రతి చెత్తనూ మింగడం. మొన దగ్గర పూసిన పసుపు ఏటా దసరా నుంచి ఉగాది దాకా కొద్దికొద్దిగా ట్యూబులో రాలేది, అవి మింగేవి, మేము చూసి మురిసేవాళ్ళం. కంట్రోల్‌కు వాడేది పూజకు నోచుకోని ముసలి పిపెట్ కాబట్టి అది ఎప్పుడూ శుభ్రంగా, చీకటిగా ఉండేది. ఉగాదికి పసుపు అయిపోయేది, మేడమ్ ఫైల్లో చలికాలం వెళ్ళిపోయేది. ఇంతమందిలో తన పని తను సరిగ్గా చేసింది ఆ కణమొక్కటే.

మేడమ్ స్టూలు మీద కూర్చుంది. ఆమె పేరు మోస్తున్నది ఆ ఒక్క పేపరు. ఇంటర్వ్యూకు ఇక రెండు వారాలు.

"ఒక లెక్కన మన ఎలుకలకు మంచిదే మేడమ్. పసుపు పడిశానికి మందు" అన్నాను.

ఆమె బల్ల మీద తల వాల్చేసింది. భుజాలు అదురుతున్నాయి. సీనియర్ హడలిపోయి "నీళ్ళు, నీళ్ళు తే పాపా!" అన్నాడు. నేను గ్లాసుతో వచ్చేసరికి మేడమ్ తల ఎత్తింది. నవ్వుతోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ తడి నవ్వుదా ఇంకొకదానిదా అని నేను అడగలేదు. నాకూ కొన్ని మర్యాదలున్నాయి.

సంగతి డిపార్ట్‌మెంట్ హెడ్ చెవిన పడింది. ఆయన పాత బెంగళూరు మనిషి, తాతల నాడే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, సంతకం ఇంగ్లీషు. మేడమ్ అంటే అభిమానం కూడా ఉంది.

"ఇంటర్వ్యూ అయ్యేదాకా సుమ్మనే, నోరు మెదపకుండా ఉండమ్మా" అన్నాడు. "పత్రికకు దిద్దుబాటు రాసి పంపాల్సిందే, నేను కాదనను. ఆ మరుసటి రోజు పంపు."

"తప్పని తెలిసీ ఆ లెక్క చూపించడం ఎలా సార్?"

"అన్నేళ్ళుగా తప్పుగానే ఉండాది కదా. ఇంకో పక్షం ఉంటే దానికేం నొప్పి? కమిటీ నంబరు చూస్తాది, లోపల ఏముండాదో చూడదు. ఈసారి పోతే మళ్ళీ ఎప్పుడో."

సీనియర్ కూడా హెడ్ పక్షమే. రెండు అధ్యాయాలు పసుపుపాలైన మనిషికి రెండు వారాల గడువు చిన్న విషయం కాదు. మేడమ్ ఏమీ తేల్చకుండా ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఆమె ఫైలు పట్టుకుని వస్తుంటే, సత్యం గురించి ఏదో పెద్ద మాట వినబోతున్నామనుకుని ముఖం దానికి తగ్గట్టు పెట్టుకున్నాను. ఆమె ఫైల్లోంచి జర్మనీ పెద్దాయన రాసిన కొత్త ఉత్తరం తీసింది.

"చూశారా? డిసెంబర్‌లో తన విద్యార్థి ఒకణ్ణి మన దగ్గరికి పంపుతాడట. మన పద్ధతి కళ్ళారా చూడ్డానికి."

"చూడనీండి మేడమ్" అన్నాడు సీనియర్.

"ఏం చూడనిచ్చేది? వాడు వచ్చి, పిపెట్ పట్టుకుని, ఇదేంటి పచ్చగా ఉందని అడుగుతాడు. వెనక్కి వెళ్ళి పేపరు రాస్తాడు. నా తప్పు మీద వాడి పేరు! తప్పు చేసింది నేను. కనిపెట్టిన పేరు కూడా నాకే రావాలి. ఈ వారంలోనే పంపుతున్నాం."

నా ముఖం మామూలుగా పెట్టేసుకున్నాను.

ఒక్క పేజీ దిద్దుబాటు రాయడానికి మూడు రోజులు పట్టింది. కణాల సంగతి తేలిగ్గానే అయింది. చిక్కంతా పద్ధతి వివరించే పేరాలో. సీనియర్ రాసిన ఇంగ్లీషు వాక్యానికి అర్థం ఇది: 'సాంవత్సరిక పరికర సంరక్షణ ప్రక్రియలో భాగంగా పిపెట్‌కు ఒక వృక్షజన్య పదార్థం పూయబడినది.'

"సంరక్షణ ఏంటయ్యా? విప్పి నూనె వేశావా?"

"బొట్టు పెట్టినాను మేడమ్."

"మరి అదే రాయి."

"నవ్వుతారు మేడమ్. మన పూజల్ని ఎక్కిరిస్తారు."

"పసుపుది తప్పు కాదు, పూజది తప్పు కాదు. పూజ చేసినదాన్ని తుడవకుండా పనికి పట్టుకున్నాం చూడు, అది తప్పు. చర్చిలో కొవ్వొత్తి మైనం పడ్డా ఇంతే జరిగేది. రాయి."

రసాయనాలు ఎక్కడ కొన్నామో రాయాలని ఆ పత్రిక నియమం. పసుపు కొనుక్కొచ్చింది నేను. అలా నగర్తపేట మా వీధి చివరి పూజాసామాను అంగడి ఒక అంతర్జాతీయ పత్రికలో, పెద్ద పెద్ద రసాయన కంపెనీల సరసన నిలబడింది. అంగడాయనకు చెప్తే, "ఏమప్పా, ఫారిన్ నుంచి ఆర్డరు ఏమన్నా వస్తాదా?" అని అడిగాడు.

ఇంటర్వ్యూ రోజున మేడమ్ నీలం పట్టుచీర కట్టుకుంది. మేమిద్దరం వరండాలో నిలబడ్డాం. సీనియర్ లోపల జరుగుతున్నదాన్ని తలుపు రంగులో చదవడానికి ప్రయత్నించాడు. ఒక్కొక్కరికీ పావుగంట అన్నారు. మేడమ్ లోపలికి వెళ్ళాక రెండుసార్లు టీ వెళ్ళింది, ఒకసారి నియమాల పుస్తకం వెళ్ళింది.

బయటికి వచ్చి నేరుగా క్యాంటీన్‌కు నడిచింది. కాఫీ వచ్చాక చెప్పింది.

"కమిటీ పెద్దాయన నవ్వుతూ మొదలుపెట్టాడమ్మాయ్. మీ ఒక్క పేపర్‌కు వచ్చినన్ని సైటేషన్లు మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ లేవు, అభినందనలు అన్నాడు. అది తప్పండీ అన్నాను. మరీ అంత వినయం వద్దమ్మా అన్నాడు. వినయం కాదండీ, పసుపు అన్నాను."

"అయ్యో దేవుడా" అన్నాడు సీనియర్.

"అంతా చెప్పాను. అప్పుడు ఒకాయన ఆ లెక్క తీసెయ్యాలన్నాడు. ఇంకొకాయన, ఎన్నిసార్లు పేర్కొన్నారో చూడమన్నారు గానీ ఏమని పేర్కొన్నారో చూడమనలేదు కదా అన్నాడు. పుస్తకం తెప్పించారు. తిట్లకు వేరే నియమం లేదట. మూడో ఆయన, అలాగైతే రేపటి నుంచి అందరూ తప్పులే రాస్తారన్నాడు. వాళ్ళు పోట్లాడుకుంటుంటే నేను బిస్కెట్లు తింటూ కూర్చున్నా."

"చివరికి?" అన్నాను.

"వాయిదా. దిద్దుబాటు అచ్చవ్వాలట. అచ్చయ్యాక దాన్ని బయటివాళ్ళు ఎవరైనా సరేనని పేర్కొనాలట. అప్పుడు చూస్తారట." చెంచాతో కాఫీ కలుపుతూనే ఉంది. చక్కెర వేసుకోదు ఆమె. "ఇంకా సమయం ఉందన్నారు. అదే మాట."

నా నాలుక మీదికి ఒక జోకు వచ్చింది. మంచిదే. మింగేశాను.

ఆ శీతాకాలంలో దిద్దుబాటు అచ్చయింది. దాన్ని మొట్టమొదట పేర్కొన్నది జర్మనీ పెద్దాయనే. మళ్ళీ ఒక పేరా రాశాడు, ఈసారి ఉతకలేదు. తన ల్యాబ్‌లోనూ ఒకసారి కణాలు అలాగే వెలిగాయని, చేతులకు రాసుకునే క్రీము వల్లనని తేలితే ఎవరికీ చెప్పకుండా పారేశామని, ఈమెలాగా రాసి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. ఆ పేరా చదివి మేడమ్, "క్రీము సంగతి దాచాడా! ఇన్నేళ్ళు నన్ను తిట్టి!" అని అరిచింది. అరగంట తర్వాత ఇంకోసారి చదువుకుంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు రాశారు. చీకటి గదిలో వెలుగు చూసి మురిసిపోయే ముందు చేతులు కడుక్కోండి అని విద్యార్థులకు చెప్పాలనుకున్న ప్రతివాళ్ళకూ మా ఒక్క పేజీ పనికొచ్చింది. సీనియర్ తన రెండు అధ్యాయాలకు పసుపు పెట్టి కొత్త బొట్టు దిద్దాడు. మింగే కణాలను చవకగా గుర్తుపట్టే పద్ధతి అని పేరు మార్చాడు. పట్టా వచ్చింది, మహదేవపురలో ఒక కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చింది. సంవత్సరాల లెక్క అడిగితే ఇప్పుడూ వాతావరణమే చెప్తాడు.

మేడమ్‌ను మళ్ళీ పిలిచేనాటికి రెండు వేల సంవత్సరం దాటాం. లైబ్రరీలో గొలుసు భూతద్దం పోయి కంప్యూటర్ వచ్చింది. పేరు కొట్టగానే నంబరు వచ్చేస్తుంది. అది పొగడ్తనూ తిట్టునూ ఒకే గాటన కడుతుంది. తప్పు పేపరూ, దాని దిద్దుబాటూ కలిపి చూస్తే మా మేడమ్‌కు దరిదాపుల్లో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. ఆమె ఇచ్చిన జాబితాలో మాత్రం పాత పేపరు పక్కన తన చేత్తోనే 'ఇది తప్పు' అని రాసి పంపింది. ఈసారి పావుగంటలో బయటికి వచ్చేసింది.

ఉత్తర్వు వచ్చిన రోజు ల్యాబ్‌లో మైసూర్‌పాక్ పంచాం. డిపార్ట్‌మెంట్ హెడ్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. రెండు ముక్కలు తిన్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ వినడం లేదనుకుని గొంతు తగ్గించాడు. నేను తలుపు వెనక కోటు తగిలిస్తున్నాను.

"నాదొక మాట ప్రొఫెసరమ్మా. నా సైటేషన్లు నువ్వూ చూసినావు కదా. మా ల్యాబ్ పాత పేపర్లలో కూడా ఇట్లాంటి తప్పు ఏమన్నా ఉండాదేమో, తీరిక దొరికినప్పుడు కొంచెం చూస్తావా?"

మేడమ్ ఎంతో గౌరవంగా, "తప్పకుండా సార్" అంది.

ఎగతాళి అనుకున్నాను. సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన విద్యార్థి ఒకడు పాత స్లైడ్ల పెట్టె చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మేడమ్ అప్పటికే కళ్ళజోడు తుడుచుకుంటోంది.